నురగను నమ్మిన మనిషి

వదినా, ఆస్పత్రి నుంచి వచ్చిన నర్సమ్మలూ, లాండ్రీలో నా తోటివాళ్లూ, అందరికీ నమస్కారం. మెషీన్లన్నీ ఆపేసిన ఈ గదిలో ఇంతమందిమి కూర్చోవడం నాకు కలలాగే ఉంది. ఆవిరి లేదు, హోరు లేదు. పెద్దన్న లేడు. ఇస్త్రీ తప్ప ప్రసంగాలు నాకు చేతకావు, తడబడితే సర్దుకోండి.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికేది మనం. మనచేత ఉతికించింది మన మేస్త్రీ పెద్దన్న. డ్రమ్ము అద్దంలో నురగ తిరుగుతుంటే, మబ్బుల్ని చూసినట్టు చూస్తూ నిలబడిపోయేవాడు. అలాంటి మనిషికి మూత్రంలో నురగ కనబడితే ఏమనుకుంటాడు? సబ్బనుకున్నాడు. మన చేతుల నిండా, కాలువల నిండా నురగే కదా. "లోపల కూడా మెషీన్ తిరుగుతున్నట్టుందిరా" అన్నాడు. మేమూ నవ్వాం. పాదాలు వాచి చెప్పులు పట్టకపోయాక గానీ, డాక్టరుకు చూపించుకోమన్న వదిన మాట వినలేదు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. రోగాలతో పోరాడాల్సిన ప్రోటీను ఎముకల మజ్జలో వంకరగా తయారవుతోందట. అది రక్తంలో కొట్టుకొచ్చి కిడ్నీల్లో పేరుకుంటోందట. దాని వేరు రక్త క్యాన్సర్. పెద్దన్న, "డ్రయ్యర్ జల్లెడలో పీచు అడ్డం పడ్డట్టేగా. జల్లెడ ఎంత దులిపినా ఏం లాభం? పీచు రాలుస్తున్న గుడ్డను పట్టుకోండమ్మా" అన్నాడట. అదే చేద్దామన్నారావిడ. ఒకపక్క మందులు, ఒకపక్క డయాలసిస్. ఆ గుడ్డ దొరికినట్టే దొరికింది. కిడ్నీలు కోలుకుని డయాలసిస్ కూడా ఆగింది. పెద్దన్న మళ్లీ వచ్చి ఈ మెషీన్ పక్కన నిలబడ్డాడు. గుర్తుందా మీకు? ఆ రోజు ఎవరికీ పని సాగలేదు.

జబ్బు తిరగబెట్టాక చూడబోయాను. మనం ఉతికిన దుప్పటి మీదే పడుకుని ఉన్నాడు. దాని అంచు ముక్కు దగ్గర పెట్టుకుని, "మన ఆవిరి వాసనేరా. కళ్లు మూసుకుంటే మంచం తేలుతోంది, లాండ్రీకే వస్తున్నట్టుంది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. "నీ ఇస్త్రీ కూడా నీలాగే ఏడ్చింది, ఆ మడతలు చూడు" అని నవ్వించాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నురగ కనబడితే సబ్బేలే అని సరిపెట్టుకోవద్దని మనవాళ్లకు చెప్పు" అన్నాడు.

చెబుతున్నాను. దయచేసి మూత్ర పరీక్ష చేయించుకోండి. ఇంకో సంతాప సభలో మాట్లాడే ఓపిక నాకు లేదు.

ఇక అందరం లేచి కాసేపు మౌనంగా నిలబడదాం. వదినా, మీరు లేవకండి. ఆ డయాలసిస్ గదిలో కుర్చీ కూడా లేక, ఆయన మంచం పక్కన మీరు నిలబడిందే చాలు. ఈ పూట మమ్మల్ని నిలబడనివ్వండి.