ఉత్తరాల టీచరు చెప్పిన దేశం

ఎవరూ, నేనా? మీ బడికా? ముసలాణ్ణి తీసుకెళ్లి పిల్లల ముందు నిలబెట్టి ఏం చేద్దామనే తల్లీ? రిటైరైన ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు, చప్పట్లు కొట్టండర్రా అంటావు, వాళ్లు కొడతారు, నేను దగ్గుతాను, అంతేగా. ఇంతకీ ఏ దేశం గురించి చెప్పాలన్నావు? మళ్లీ చెప్పు. ఆ చెవి కాదు, ఈ పక్కకి వచ్చి చెప్పు. నౌరు. ఊఁ. నౌరేనా? పసిఫిక్కు సముద్రం మధ్యలో, ఇంతే ఉంటుంది, అదేనా? మూడో తరగతి పిల్లలకా? పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఇచ్చారా? ఏదీ, ఇటు తే. కళ్లజోడు... నెత్తిమీదే ఉందా, సరే సరే, నవ్వకు.

నేను రాలేనమ్మా. మోకాళ్లకేం, బాగానే ఉన్నాయి, పొద్దున మేడ మీదికి ఎక్కి దిగలేదూ? మోకాళ్ల సంగతి కాదు. మొహం చెల్లదు. ఇంకే దేశం గురించైనా వస్తాను, దీని గురించి మాత్రం పిల్లల ముందు నోరు విప్పే అర్హత నాకు లేదు. కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా మంచం మీద కూర్చో. మీ నానమ్మకి కూడా చెప్పలేదు ఇది. నలభై ఏళ్లు కాపురం చేశాను, ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే అన్నం పెట్టడం మానదు కానీ నా వంక చూడ్డం మానేసేది, ఆవిడ సంగతి నీకు తెలీదు.

ఒక టీచరుండేది. పిల్లలు ఆవిణ్ణి ఉత్తరాల టీచరు అనేవాళ్లు. ఎందుకంటే ఆవిడ తమ్ముడు సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. వాడు నెలకో ఉత్తరం రాస్తే, ఆవిడ దాన్ని ఇంట్లో వాళ్లమ్మకి చదివి వినిపించి, మర్నాడు బడికి తెచ్చి పిల్లలకి చదివేది. వాళ్లమ్మకి పక్షవాతం, మంచం దిగలేదు. పెళ్లీ పెటాకులూ లేవు, ఆ ముసలమ్మా, ఈ బడీ, అంతే ఆవిడ లోకం. ఉద్యోగం పర్మినెంటు కాదు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, బాగా చెబుతోంది, ఉంచండి అని రాస్తే ఇంకో ఏడాది. లేకపోతే లేదు. ఆ ఇన్‌స్పెక్టరు ఎవరనుకున్నావు? ఆఁ, మీ తాతే. ముప్పై రెండేళ్లవాణ్ణి. కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు, కళ్లు నెత్తికెక్కి ఉన్నాను. చేతిలో సన్నటి కర్ర, దాని చివర ఇత్తడి పొన్ను. బడి గేటు దగ్గర ఆ కర్ర టకటకమంటే చాలు, లోపల టీచర్లకి చెమటలు పట్టేవి. నాకు భలే సరదాగా ఉండేది అది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పద్ధతేమిటంటే, టీచర్ని ఒక్క ముక్క అడిగేవాణ్ణి కాదు. సరాసరి పిల్లల్ని అడిగేవాణ్ణి. పిల్లలు అబద్ధం చెప్పరు, వాళ్ల నోట్లోంచే టీచరు బండారం బయటపడుతుంది అని మా సిద్ధాంతం. ఆ బడి వరసగా నాలుగైదు రేకుల షెడ్లు. ఒక్కో గదిని బ్లాకుబోర్డు అడ్డంపెట్టి రెండు తరగతులు చేశారు. అటు పక్క ఎక్కాలు వల్లెవేస్తుంటే ఇటు పక్క మనకేం వినపడదు. గోడకి ప్రపంచ పటం. గుడ్డ మీద అంటించిన పెద్ద పటం, కింద కర్ర ఎప్పుడో ఊడిపోయింది, వదిలేస్తే చాపలా చుట్టుకుపోతుంది. అందుకని అటో పిల్ల, ఇటో పిల్ల అంచులు పట్టుకుని నిలబడేవాళ్లు. మరీ పొట్టిపిల్లలు పాపం, ముక్కాలిపీట వేసుకుని ఎక్కేవాళ్లు. నేను వెళ్లేసరికి ఐదో తరగతికి పటం పాఠం. కుడిపక్కన పీటెక్కి అంచు పట్టుకున్న పిల్ల నాకిప్పటికీ కళ్లముందు కనపడుతుంది. ముందు పళ్లు రెండు పెద్దవి, జడకి రిబ్బను ఒకవైపే ఉంది. రెండోది ఏమైందో.

పెద్దమేష్టారు నా వెనకే ఉన్నాడు, నేను తలూపితే తలూపుతూ, నేను నవ్వితే నవ్వుతూ. మంచివాడే కానీ వెన్నెముక లేదు. నేను కర్రతో అదేం దేశం, ఇదేం దేశం అని అడుగుతుంటే పిల్లలు టకటకా చెప్పేస్తున్నారు. ఒక్క తప్పు దొరకదే! తప్పు దొరక్కపోతే నా బూట్ల చప్పుడికి విలువేముంది చెప్పు. అప్పుడు చూశాను. కుడిపక్క, నీలం మధ్యలో, ఎర్రసిరా చుక్క. "ఏమిటిది, పటం మీద సిరా చల్లారు?" అన్నాను. అనడమే కాదు, వంగి బొటనవేలి గోటితో గీకాను. రంగు పోవడం లేదని ఇంకా గట్టిగా గీకాను. కాగితం లేచి కింద గుడ్డ కనపడింది. ఆ పీట మీద పిల్ల ఒక్కసారిగా, "సార్, గీకకండి సార్! అందులో మనుషులున్నారు!" అని అరిచింది.

పక్కన ఎక్కాలు ఆగిపోయాయి. నాకు నవ్వాగలేదు. పెద్దమేష్టారు కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. "ఓహో, ఎంతమంది ఉన్నారమ్మా?" అన్నాను. ఆ పిల్లకి వేళాకోళమని తెలీలేదు, నిజంగానే అడుగుతున్నాననుకుంది. "ఆరువేలమంది సార్. దాని పేరు నౌరు. స్వతంత్రం వచ్చి రెండేళ్లయింది సార్. పొద్దున బడిగంటకి సైకిలెక్కితే ఇంటర్వెల్ గంట కొట్టేలోపు దేశమంతా చుట్టి రావచ్చంట సార్. ఒకప్పుడు జబ్బులొచ్చి వాళ్లు బాగా తగ్గిపోయారంట. పదిహేనువందల మందైనా ఉంటేనే మన జాతి నిలుస్తుందని అనుకున్నారంట. పదిహేనువందో మనిషిగా ఓ పాప పుడితే దేశమంతా పండగ చేసుకున్నారు సార్. తర్వాత యుద్ధంలో మళ్లీ తగ్గిపోయారు. మళ్లీ పదిహేనువందలు అయ్యారు. మళ్లీ పండగ సార్!" గుక్కతిప్పుకోకుండా చెప్పింది. వెనక బెంచీల్లోంచి ఒకడు, "మన బడిలో మూడొందల మందిమి సార్, ఇలాంటివి ఐదు బళ్లు కలిపితే ఆ పదిహేనువందలు" అని అందించాడు. అంత బాగా చెప్పింది ఆవిడ వాళ్లకి. ఐదు బళ్లంత మనుషులు, ఒక్క పాప పుడితే పండగ. నువ్వు చెప్పు, నీ టీచరు ట్రైనింగులో నీకెవరైనా ఇంత బాగా చెప్పారా? నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎందుకంటే నాకా పేరు తెలీదు. నా దగ్గర అచ్చేసిన దేశాల జాబితా ఉండేది, జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి, పదేళ్లనాటిది. అందులో లేదు. అందులో లేకపోతే లోకంలో లేనట్టే మా లెక్క.

టీచరు వైపు తిరిగి, "ఇది ఏ పుస్తకంలో ఉంది?" అన్నాను. "మా తమ్ముడి ఉత్తరంలో సార్" అంది. మెల్లగా, కానీ తడబడకుండా. వాళ్ల ఓడ ఆ దీవికి పోయి అక్కడి మట్టి ఎత్తుకుంటుందట, ఎరువుకి. ఉత్తరం తీసి చూపించింది కూడా. తపాలా ముద్ర చూస్తే ఇంకేదో రేవుది. ఓడ ఎక్కడ ఆగితే అక్కడ డబ్బాలో వేసేవాడు కదా, వాడేం చేస్తాడు. "ఓడలో బొగ్గు చిమ్మేవాడు కోతలు కోస్తే అది పాఠమా?" అన్నాను. అవును, అన్నాను. పిల్లలందరి ముందూ అన్నాను. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "పెద్ద అట్లాసు ఎక్కడైనా ఉంటే చూడండి సార్, కొత్తది" అంది, అంతే. బతిమాలలేదు. బతిమాలి ఉంటే బాగుండేదేమో, నేను దయ చూపించినట్టు పోజుపెట్టి వదిలేసేవాణ్ణి. ఆ పిల్ల ఇంకా అంచు పట్టుకునే ఉంది, నేను వెళ్లేదాకా వదల్లేదు.

నేను రాసింది నాకిప్పటికీ కంఠతా వచ్చు. వింటావా? "పాఠ్యపుస్తకమున లేని కల్పిత విషయములను బోధించుచున్నారు. పటమును పాడుచేసినారు. వచ్చే సంవత్సరమునకు వీరి సేవలు అవసరము లేదు." పటాన్ని పాడుచేసింది ఎవరే? నా గోరు. రాసింది ఆవిడ మీద.

ఉండు, ఇంకా అయిపోలేదు. అసలు సిగ్గుమాలిన ముక్క ఇక్కడే ఉంది. ఇంతవరకూ చేసింది తెలియనితనం అనుకో, పొగరు అనుకో, సరే. ఆఫీసుకి వచ్చి ఈ కథ అందరికీ అభినయించి చెప్పాను. ఆ పిల్ల గొంతు పెట్టి, "అందులో మనుషులున్నారు సార్" అని. మా ఆఫీసరు బల్ల మీద గుద్దిగుద్ది నవ్వాడు, కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. "వచ్చే నెల హెడ్మాస్టర్ల మీటింగులో నువ్వే చెప్పాలోయ్ ఇది" అన్నాడు. నా కాళ్లు నేలమీద ఆనలేదు. నలుగురిలో చెప్పేటప్పుడు, నేను పెద్ద అట్లాసంతా గాలించాను, లేదు, అని ఒక మాట కలిపితే బాగుంటుంది కదా అని నాలుగో రోజు బీరువా తెరిచాను. కొత్త అట్లాసు వచ్చి ఉంది, ఎవరూ విప్పలేదు, మా బంట్రోతు దాన్ని ఫైళ్లు ఎగిరిపోకుండా బరువుకి పెట్టుకున్నాడు. దుమ్ము దులిపి, చివర పేర్ల పట్టిక తీశాను. చీమతలకాయంత అక్షరాలు. లేదని రూఢి చేసుకుందామనే వెతికానమ్మా, ఉందేమోనని కాదు.

ఉంది. పేజీ నంబరు, గడి నంబరుతో సహా ఉంది. తిప్పి చూస్తే నీలం మధ్యలో చిన్న చుక్క, పక్కన పేరు. ఆవిడ ఎర్రసిరాతో పెట్టిన చోటే. వాళ్ల బడి పటం మీద ఆవిడ ఏ కొలతలు వేసుకుని పెట్టిందో గానీ, ఇంతైనా అటూఇటూ కాలేదు. నాకు తలకొట్టేసినట్టయింది. ఎవరైనా చూస్తున్నారేమోనని ముందు తలుపు వైపు చూశాను. చూడు, ముందు తలుపు వైపు చూశాను.

రిపోర్టు అప్పటికి పోలేదు. టైపిస్టు మూడు కాపీలు కొట్టి, నా సంతకాలయ్యి, తపాలా ట్రేలో ఉంది. నాకూ దానికీ మధ్య రెండు బల్లలు. లేచి వెళ్లి తీసి చింపెయ్యొచ్చు. "ఏమయ్యా, ఇది మళ్లీ కొట్టు, పొరపాటు రాశాను" అంటే సరిపోయేది. టైపిస్టు గొణిగేవాడు, ఆఫీసరు మళ్లీ నవ్వేవాడు, ఈసారి నన్ను చూసి. నెల రోజులు నాకు "నౌరుగారూ" అని పేరు పెట్టేవాళ్లు. అంతే కదా జరిగేది? లేచాను కూడా. ట్రే దాకా వెళ్లాను. టైపిస్టు తలెత్తి, "ఏం సార్, ఇంకా ఏమైనా కలపాలా?" అన్నాడు. నేను నీళ్లు నమిలి, "ఏం లేదు, ఇవాళే పోతుందా అని" అన్నాను. "ఇప్పుడే పంపేస్తున్నా సార్" అన్నాడు. పంపేశాడు. మీటింగు రోజు జ్వరమని పడుకున్నాను.

వేసవి సెలవుల తర్వాత ఆవిడ పేరు జాబితాలో లేదు. నేను అటువైపు బళ్లకి వెళ్లడం మానేసి వేరే సర్కిలు అడిగి వేయించుకున్నాను. నా రిటైర్మెంటు నాడు ఎంత పొగిడారో నీకు గుర్తుండదు, నువ్వు పుట్టలేదు. ఎందరో టీచర్లకి దారి చూపించారు అన్నారు. నేను దండ వేసుకుని ముసిముసిగా నవ్వాను. దారి చూపించానుగా మరి, బయటికి.

ఆవిడ పోయి నలభై ఏళ్లు దాటింది. పోకముందు ఒక్కసారి కనపడింది. మీ నాన్న కాలేజీ పుస్తకాలు అట్టలూడిపోతే బైండింగు చేయిద్దామని వెళ్లాను. ఇరుకు కొట్టు, మెట్లు దిగి వెళ్లాలి, జిగురు వాసన, నేలంతా కత్తిరించిన కాగితం ముక్కలు. మూల చాప మీద కూర్చుని ఒకావిడ సూదితో పేజీలు కుడుతోంది. జుట్టు సగం తెల్లబడింది. నేను పోల్చుకోలేదు. ఆవిడే నన్ను చూసి, సూది పక్కన పెట్టి లేచి నిలబడింది. "నమస్తే సార్" అంది. ఇన్‌స్పెక్టరు వస్తే టీచరు లేచినట్టు లేచింది తల్లీ. వేళ్లకి జిగురు, చీరకి తుడుచుకుంటోంది. కూర్చోమ్మా, కూర్చోమ్మా అన్నాను. వాళ్లమ్మ పోయిందట. తమ్ముడు ఓడ మానేసి ఎక్కడో సైకిలు షాపు పెట్టుకున్నాడట. "పిల్లలే గుర్తొస్తుంటారు సార్, మిగతా ఏం లేదు" అంది. ఇక్కడ పుస్తకాలు కుట్టేటప్పుడు మధ్యమధ్యలో చదువుతానని, యజమాని కేకలేస్తాడని నవ్వింది.

చెప్పేద్దామనుకున్నాను. ఒట్టు. నోటిదాకా వచ్చింది. "అమ్మా, అప్పుడు నేను రాసింది..." అని మొదలుపెట్టాను. ఆవిడ నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. నేను ఇబ్బంది పడుతున్నానని పాపం, నన్ను గట్టెక్కించాలని, "అయ్యో, అదెందుకు సార్ ఇప్పుడు. మీకు తెలియక రాశారు. తెలిస్తే మీరలా రాసేవారా? నేనెప్పుడూ మిమ్మల్ని ఒక్క మాట అనుకోలేదు" అంది.

నేనేమన్నానో తెలుసా?

"అవునమ్మా, తెలియకే" అన్నాను.

ఊఁ. ఆ ఫ్యాను కాస్త తగ్గించు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరకి వేసి వెళ్లు.