పెళ్ళి కాని కూతురి గది

యార్క్‌షైర్ కొండల్లో ఒక పొలం ఇల్లు. 1956, అక్టోబరు, శనివారం మధ్యాహ్నం. వంటగదిలో తల్లి హానా, నలభై మూడేళ్ళ కూతురు ఈనిడ్.

"మళ్ళీ ఆ కాగితాలేనా? ముందు టీ పొయ్యవే, కషాయమైపోతోంది."

"టీ తర్వాత. ముందిది విను. మంగళవారం యార్క్ వెళ్ళి వీలునామా నకలు తెచ్చుకున్నాను."

"ఎవరి వీలునామా?"

"ఎవరిదంటావేంటమ్మా? జేబెజ్ తాతది. పెద్దకూతురు పెళ్ళి మానుకుని ఈ ఇల్లు కనిపెట్టుకునుండాలని నూట అరవై ఏళ్ళ కింద రాశాడంటూ నాకు నూరిపోశావే, ఆయనది."

"నేను కల్పించానా? మా అమ్మ చెప్పింది. మీ పెద్దమ్మ టేమర్ అలాగే ఉండిపోయిందా లేదా? ఏనాడైనా నోరెత్తిందా?"

"ఎత్తలేదు. ఆ కిటికీలోంచి రోడ్డు చూస్తూ చూస్తూ పోయింది."

"రోడ్డు చూడ్డం తప్పా? ఇదంతా ఆ రైల్వే స్టేషను గుమాస్తా కోసమేగా?"

"విల్ఫ్రెడ్ కోసమే. విట్బీకి బదిలీ అయింది. నవంబరు ఒకటిన చేరాలి. నేనూ వెళ్ళాలి."

"మరి నా మోకాళ్ళు?"

"అమ్మా, విను. 'నా కూతురు కెజయాకు, పెళ్ళి కానంతకాలం, వంటగది పక్క గదియు, పొయ్యి వద్ద చోటును, ఒక ఆవుకు మేతయు ఇవ్వవలెను.' అంతే. ఇంకేం లేదు."

"పెళ్ళి కానంతకాలం! నేను చెప్పిందీ అదేగా."

"అదెలా అవుతుంది? ఉండి తీరాలని ఆయన అనలేదు. తను పోయాక అన్నదమ్ములు ఆవిణ్ణి బయటికి గెంటకుండా చూశాడు, పాపం. కూతురికి నీడ ఇచ్చాడు. మీరు దానికి తాళం వేశారు."

"పాతకాలం రాతలు. నీకేం అర్థమవుతాయి?"

"అందుకే యార్క్ వెళ్ళకముందే చర్చి రిజిస్టర్లు కూడా చూశాను. పాస్టరుగారు ఇనప్పెట్టె తాళం ఇచ్చారు. నాలుగు శనివారాలు దుమ్ము తిన్నాను. తండ్రి పోయిన రెండేళ్ళకి కెజయా పెళ్ళి చేసుకుంది. బాప్తిస్మం పుస్తకంతో లెక్కేస్తే అప్పటికావిడకి నలభై ఒకటి. సంతకం రాక ఇంటూ గుర్తు పెట్టింది. ఆవిడే వెళ్ళిపోయింది! మరి పెద్దమ్మనీ నన్నూ ఆపిందెవరు? చెప్పమ్మా."

"బిస్కెట్టు డబ్బా ఇలా తోయి."

"సరే, నేనే చెబుతాను. చర్చిలో మా పెళ్ళి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండన్నారు. ఎవరూ లేవలేదు. రేపు మూడోసారి చదువుతారు. ఆపైన పెళ్ళే."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే నీకు గుండెనొప్పి వస్తుంది. అప్పట్లో హెరాల్డ్ నన్ను పెళ్ళాడతానని అడిగినప్పుడు వచ్చినట్టే. నేను ఒప్పుకోనని చెప్పగానే తగ్గిపోయిందిగా."

"నాకు తెలియదనుకున్నావా? మొదటి ఆదివారమే పక్కింటి మేబెల్ చర్చి నుంచి వచ్చి, టోపీ అయినా తియ్యకుండా చెప్పేసింది."

"తెలుసా? తెలిసీ ఊరుకున్నావా?"

"అరిస్తే ఆగుతావా? ఆగవు. నీ వయసుకి మొండితనం వచ్చింది. అందుకే మంగళవారం, నువ్వు యార్క్ వెళ్ళినప్పుడు, విల్ఫ్రెడ్‌ని భోజనానికి పిలిచాను."

"ఇక్కడికా?"

"నువ్వు కూర్చున్న కుర్చీలోనే. మాంసం రెండుసార్లు వడ్డించుకున్నాడు. మంచివాడే. అద్దెగది గోడలన్నీ చెమ్మేనట, పొద్దస్తమానం దగ్గేనట. నాకే జాలేసింది."

"నాతో ఒక్క మాటనలేదే!"

"రేపు చర్చి అయ్యాక చెబుతానన్నాడు. మొహమాటస్తుడు."

"ఏం చెబుతాడు? అమ్మా, అతన్ని ఏమడిగావు?"

"నేనేం అడుగుతాను? లాయరుగారిని పిలిపించి నేనూ వీలునామా రాశాను. ఇల్లూ పొలమూ విల్ఫ్రెడ్‌కే. నేను పోయేదాకా మీరిద్దరూ ఇక్కడే ఉంటేనే."

"విల్ఫ్రెడ్ ఒప్పుకోడు. మేం విట్బీలో ఇల్లు చూసుకున్నాం. సముద్రం కనిపించే ఇల్లు."

"ఇల్లరికానికి సంతోషంగా ఒప్పుకున్నాడమ్మాయ్. విట్బీకి రానని రైల్వేవాళ్ళకి ఈ బల్ల మీదే ఉత్తరం రాశాడు. మేబెల్ దారిలో పోస్టు చేసింది."