బావ వీపు మీద కాయితం

"రాజవ్వ పెద్దమ్మా, గోడకు ఎవ్వరన్న మొకం ఫోటో కడ్తరు. నువ్వేంది, ఎవని వీపో కట్టినవ్?"

ఎవని వీపో కాదు బిడ్డా, మన ఎమ్మెల్యే ముత్తన్న వీపు. ముందుగాల అన్యాయం ఎవలకు జరిగిందో చెప్త, అప్పుడు వీపు సంగతి సమజైతది. అన్యాయం జరిగింది మా చెల్లె కొడుకు మల్లేశంకు. మొన్నటి ఓట్లకు నాలుగేండ్ల ముంగట. తబూక్‌ల గోధుమ పొలంల పనిచేస్తుండె. కఫీల్, గదే పనికి పెట్టుకున్న అరబ్బు షావుకారి, పాస్‌పోర్టు గుంజుకుని పెట్టుకుంటే, ఫిర్యాదు చేద్దామని ఈడికి, జెద్దాకు వచ్చిండు. గా కఫీల్ ఏంజేసిండు, పనోడు పారిపోయిండని రాయించిండు. ఇగ అంతే. ఇంటికి పోదామంటే దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాయితం ఇయ్యరు. వీడు సౌదీకి వచ్చిన రెండు నెల్లకు ఊర్ల బిడ్డ పుట్టింది. ఆ పిల్ల వీణ్ణి "ఫోన్ నాన్న" అనేది. ఇంట్ల ఇంకో నాన్న ఉన్నట్టు.

ఇగ ముత్తన్న సంగతి. నాకు సొంత మేనబావ. చేసుకోవాల్సింది నేనే, తప్పించుకున్న. ఏడో తరగతికాడ ఆయన ఆగిండు, నేను ఐదుకాడనే ఆగిన. కానీ నేను కిరాణం పొట్లాల కాయితాలు సుత ఇప్పి చదివేదాన్ని, ఆయన పొట్లంల బెల్లమే చూసేటోడు. అప్పట్ల పేపరు రూపాయిన్నర... రూపాయిన్నరనా? రూపాయి పావలానేమో. సరే, మంగలి షాపుల పాతయి ఊరికే ఇచ్చేటోళ్లు. ఆయన సర్పంచ్‌కు నిలబడ్డప్పుడు మొదటి ఉపన్యాసం రాసిచ్చింది నేనే. మధ్యల "ఇక్కడ కొంచెం ఆగాలె" అని రాస్తే, అది సుత మైకుల చదివిండు. జనం చప్పట్లు కొట్టిన్రు. గెలిచిండు.

సర్పంచ్ అయినంక ఎంపీపీ, తర్వాత ఎమ్మెల్యే. నడుమ మూడు పార్టీలు. కండువా మారినప్పుడల్లా మా అత్తమ్మ, అంటే ఆయన తల్లి, పాత కండువాను పొయ్యికాడ మసిగుడ్డ చేసేది. ఒక ఏడాది రెండుసార్లు మారిస్తే, "నాకు ఇంగ గుడ్డలు చాలు, కొన్నొద్దులు ఆగరా" అన్నదట.

ఎమ్మెల్యే అయినంక మొదటిసారి జెద్దాకు వచ్చిండు. ఎందుకొస్తరో నీకెర్కనే గదా. ఈడ మనోళ్లకు ఓటు లేకున్నా ఫోన్ ఉంటది. ఒక్కడు ఫోన్ చేస్తే ఇంట్ల నాలుగు ఓట్లు. మల్లేశం దరఖాస్తు ఇచ్చిండు. బావ రెండు చేతులతోని తీసుకుని, కండ్లకద్దుకుని, "నా పానం పెట్టి పంపిస్త" అన్నడు. నా కండ్లళ్ల సుత నీళ్లొచ్చినయ్, అబద్ధమెందుకు.

ఆయన పోయిన తెల్లారి, ఆ హోటల్ల రూములు ఊడ్చే మన జగిత్యాల గంగన్న నాకు ఓ సంచి తెచ్చిచ్చిండు. అందరి దరఖాస్తులు అండ్లనే ఉన్నయ్. అల్మారల ఇడిసిపెట్టి పోయిండట. మరి మనోళ్లు ఆయనకు కప్పిన శాలువాలో అంటే, "ఒక్కటి సుత మిగల్లేదక్కా, పెట్టె మీద కూసొని మూత పెట్టిండు" అన్నడు.

అప్పుడర్థమైంది నాకు. ఈయన కాయితం మోయడు, శాలువా మోస్తడు.

నాలుగేండ్లు ఓపిక పట్టిన. మళ్ల ఓట్లొచ్చినయ్, మళ్ల బావ వచ్చిండు. నేనేమో ఇరవై రెండేండ్ల సంది ఈడ ఆసుపత్రి లాండ్రీల దుప్పట్లు, కర్టెన్లు కుడ్తున్న. సూది నా చేతుల ఉన్నది. మందపు శాలువా కొని, వెనుకదిక్కు ఎర్రదారంతోని బెత్తెడు బెత్తెడు అక్షరాలు కుట్టిన. పదకొండు రోజులు పట్టింది. "మల్లేశంను ఇంటికి పంపిస్తనని మాటిచ్చి నాలుగేండ్లాయె. ఇట్లు మీ ముత్తన్న."

సభ ఒక ఇస్తిరాహల పెట్టిన్రు, గదే, కిరాయికిచ్చే తోట ఇల్లు. ఈ నాయకులు శాలువా కప్పంగనే తీసి పక్కోని చేతుల పెడ్తరు గదా. అందుకని హాలు ఏసీని పదహారు మీద పెట్టించిన. బావ ఒణుకుకుంట మాట్లాడుతుండు. నేను పోయి కప్పిన. తీస్తడా? ఇంకింత దగ్గరికి గుంజుకున్నడు.

ఇగ ఉపన్యాసం అయినంక సెల్ఫీ. జనం వెనుక కనవడాలె గదా, మా దిక్కు వీపు పెట్టి ఫోన్ లేపిండు. ముందు వరుసల ఒకడు చదివిండు, నవ్విండు. రెండో వరుస నవ్వింది. హాలు హాలంత నవ్వుతుంటే, బావ తన మీద ప్రేమే అనుకుని, ఇంకా నవ్వుండ్రి ఇంకా నవ్వుండ్రి అనుకుంట ఆరు సెల్ఫీలు దిగిండు. వెనుక మూడు నూర్ల ఫోన్లు ఆ వీపును ఫోటో తీస్తున్నయ్.

ఆ ఫోటో ఊర్లల్ల ఒక్కొక్కని పెండ్లానికి చేరింది. ఆయన స్టేజీ దిగకముందే మా అత్తమ్మ ఫోన్ చేసింది, "ఒరేయ్, నీ వీపు మీద ఏముందో చూసుకున్నవా?" అని.

శాలువా ఇప్పి చదువుకున్నడు. మొకం సున్నమైంది.

"రాజీ, పరువు తీసినవ్ గదనే."

"కాయితమిస్తే అల్మారల పెట్టినవ్ బావా. ఈసారి మోసుకపోతవని నీ వీపుకిచ్చిన."

తర్వాత పీయేను పిలిచి రిటర్న్ టికెట్ ఆపమన్నడు. కాన్సులేట్ సార్‌ను ఒకాయన్ని తోలుకుని తబూక్ పోయిండు. కఫీల్ ఖహ్వా, గదే వాళ్ల కాఫీ, పోసి, నువ్వెవరు అని అడిగిండట. ఎమ్మెల్యే అంటే ఏందో ఆయనకు ఎట్ల చెప్పాల్నో తెల్వక, రెండు లక్షల మందికి పెద్దను అన్నడట. "అంతమంది ఉండంగ ఈ ఒక్కని కోసం నువ్వే వచ్చినవా?" అని ఆ ముసలాయన మెచ్చుకున్నడట. మెచ్చుకుని, పనోడు పారిపోయిండన్న ఫిర్యాదు వాపస్ తీసుకున్నడు, పాస్‌పోర్టు సుత ఇచ్చిండు. బావ అక్కడ నిజంగనే ఏడ్చిండని కాన్సులేట్ సార్ చెప్పిండు. నేను నమ్మిన. నమ్మొద్దనుకున్నా నమ్మిన.

గెలిచిండా అంటవా? గెలిచిండు. గల్ఫ్ బిడ్డల ఆత్మబంధువని ఫ్లెక్సీలు పెట్టిచ్చిండు, మొకం దిక్కు ఫోటోతోని. వీపు దిక్కుది నా దగ్గరుంది.

నువ్వు కొత్తగొచ్చినవ్, సల్లగుండు బిడ్డా. నీ పాస్‌పోర్టు నీ తలగడ కిందనే ఉండాలె. ఆ ఫోటో కిందికి తియ్యి, తిప్పు. వెనుక నేనే రాసిపెట్టిన, చదువు: మల్లేశం ఇంటి గడప తొక్కింది నవంబర్ తొమ్మిది, గురువారం, పొద్దున ఆరుంబావు.