యలమంద బండి తలుపుకి కాపలా

యలమంద ఉన్నాడే, ఆయనకి బండి పోయినా బాధ లేదు గానీ, బండి ఎనక తలుపు పోతే పానం పోయినట్టే అనుకో. ఏ యలమంద అని అడగబాకండి, మన ఊళ్ళో ఎంతమంది ఉన్నారేంది? వడ్రంగి వీరాచారి కొడుకు. ఆ వీరాచారి బండి చేశాడంటే ముప్పై ఏళ్ళు తిరిగినా చక్రం ఊగేది కాదంట, సుట్టుపక్కల పది ఊళ్ళ ఎడ్లబళ్ళు ఆయన చేసినయ్యే. కొడుక్కి ఆ పని అబ్బలా. అబ్బక కాదు, మనసు పెట్టలా. ఉలి పట్టమంటే స్టీరింగు పడతానన్నాడు, పొయ్యి పొయ్యి ఎవరో వాడి వాడి వదిలేసిన పికప్పు బండి ఒకటి తెచ్చి ఇంటి ముందర నిలబెట్టాడు. ముందర ఇద్దరు కూచునే గది, ఎనక బరువేసే తొట్టి, అదీ బండి. ఎడ్లబళ్ళు చేసే ఇంటి ముందర మోటరు బండి పెడితే ఆ తండ్రికి ఎట్టా ఉంటదో చెప్పండి. రెండేళ్ళు మాట్లాడలా కొడుకుతో. పక్కపక్కన కూచుని అన్నం తింటానే, ‘ఏమే, మీవోణ్ణి ఆ ఉప్పు ఇటు జరపమను’ అని పెళ్ళాం చేత చెప్పించేవాడంట.

ఏమైందంటే, ఆ బండి వచ్చినప్పుడు దానికి మూడు పక్కలా రేకులున్నాయి, ఎనక తలుపు మాత్రం లేదు. రెండేళ్ళూ తాడు కట్టుకుని తిరిగాడు యలమంద. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే, వాళ్ళ నాయన బండి ఎనకమాల నిలబడి జానలు కొలుస్తన్నాడంట. ఏం నాయనా అంటే పలకలా. పన్నెండు రోజులు తుమ్మ చెక్క చెక్కాడు, చిత్రిక పట్టాడు, తలుపు చేశాడు. కింద రెండు మూలలా రెండు కడశీలలు దూర్చాడు. కడశీలంటే తెలవదా మీకు? ఎడ్లబండి చక్రం జారిపోకుండా ఇరుసు చివర దూర్చే ఇనప మేకు. రాసుకో అబ్బాయ్, ఈ కాలం పిల్లలకి ఏం తెలుసు, నన్ను అడక్కుండా మొహాలు చూసుకుంటన్నారు. ఆ తలుపు బిగించి, ఒకసారి కిందికి దించి, మళ్ళీ పైకెత్తి, కొడుకు మొహం చూసి, ‘ఇంక బరువు జారదు, పో’ అన్నాడంట. రెండేళ్ళకి అదే మొదటి మాట. నాలుగు నెల్లకి వీరాచారి పోయాడు. ఆయన చేత్తో చేసిన ఆఖరి పని అదే. ఇప్పుడు చెప్పండి, ఆ తలుపంటే యలమందకి అంత పిచ్చి ఉండదా?

సరే, ఆ రోజుల్లో మనూరికి ఆ బండొక్కటే. మంగళారం మంగళారం దొనకంపాడు సంతకి పోవాలంటే మేకలకీ అదే, కుండలకీ అదే, నిమ్మకాయల గంపేసుకుని నాకూ అదే. ఆ తలుపు కిందికి దించితే మెట్టు, దాని మీద కాలేసి ఎక్కేవాళ్ళం. సంతలో దించితే అంగడి బల్ల, దాని మీదే నేను కాయలు కుప్పలు పోసేదాన్ని. ఎంత నున్నగా ఉండేదనుకున్నారు, చెయ్యి ఆనిస్తే తియ్యబుద్ధయ్యేది కాదు. ఆ సంతలో ఏమైందంటే, బళ్ళ తలుపులు పోటం మొదలైంది. ఇనప తలుపైతే పాత సామాన్లోడికి, చెక్క తలుపైతే టీ కొట్టుకి బల్ల. ఎవడు తీస్తాడో తెలవదు, కళ్ళ ముందరే ఉన్నట్టు ఉండేది, తిరిగి చూస్తే లేదు. రెండు వారాల్లో మూడు బళ్ళకి పోయినయ్. యలమందకి తిండి సయించలా. ముందు కొబ్బరి తాడుతో కట్టాడు. తర్వాత బర్రె గొలుసు తెచ్చి చుట్టాడు. అదీ చాల్లేదని ఏం చేశాడో తెలుసా, తలుపు ఊడదీసి నెత్తిన పెట్టుకుని సంతంతా తిరిగాడు. నవ్వబాకండి, నేను కళ్ళారా చూశా. టీ తాగటానికి పోతే తలుపు, ఒంటికి పోతే తలుపు. ఆ కడశీలలు ఊడగొట్టటానికి సుత్తేసుకుని అరగంట, తిరిగి బిగించటానికి అరగంట, చేతులు బొబ్బలు. ఇట్టా పన్జరగదని ఒక వారం గొలుసు మీద నమ్మకం పెట్టి వదిలేసి పోతే, వచ్చేసరికి గొలుసు కింద పడుంది, ఒక శీల సగం బయటికొచ్చి ఉంది. ఎవడో చెయ్యేశాడు, ఇంతలో ఎవరో వస్తే పొయ్యాడన్నమాట. యలమంద అక్కడే మట్టిలో కూలబడ్డాడు. మా నాయన పోయాడు, ఇది కూడా పోతే నేనేం చెయ్యాలత్తా, అని నన్ను పట్టుకుని ఏడ్చాడు. గడ్డాలొచ్చిన మగోడు.

అప్పుడు ఎవరు చెప్పారో గానీ, కుమ్మరి అంకయ్య దగ్గరికి పొయ్యాడు. దొంగోడు చూడంగానే ఝడుసుకునేట్టు తలుపు మీద ఒక బూచి మొహం వెయ్యి మామా, కళ్ళు మాత్రం పెద్దయి పెట్టు, అన్నాడంట. అడగటం ఆయన తప్పే అనుకో. అంకయ్య ఏటేటా జాతరకి పోలేరమ్మని మట్టితో చేసేవాడు, ఆయన తాత కాడ్నించీ అదే పని. ఆ చేతికి వేరే మొహం ఏం తెలుసు? పసుపు మొహం పెట్టాడు, ఎర్ర నాలిక పెట్టాడు, ముక్కుపుడక పెట్టాడు. అంతవరకూ బొమ్మే. కళ్ళు పెట్టేటప్పుడు మాత్రం అలవాటు కొద్దీ తలకి పోసుకుని వచ్చి, సాంబ్రాణేసి, కోడిని కోసి, ఆ నెత్తురు తాకించి కనుగుడ్లు దిద్దాడు. జాతరలో అట్టాగే దిద్దుతారు గదా. దిద్దినాక తనే రెండడుగులు ఎనక్కేసి సాష్టాంగపడ్డాడు. ‘ఏంది మామా’ అని యలమంద అడిగితే, ‘ఏందేందిరా, అమ్మ దిగింది’ అన్నాడంట.

ఇంక చూస్కోండి. దొంగోడు ఆ బండి ఛాయలకి రాలా, అది నిజం. కానీ మేం కూడా ఆ తలుపు ముట్టలా. అమ్మవారి మీద కాలేసి ఎవరెక్కుతారు? పక్క రేకులు పట్టుకుని ఎగబాకాం, అరవయ్యేళ్ళ ముసలాళ్ళు కూడా. తలుపు కిందికి దించితే అమ్మ మొహం నేల వైపు తిరుగుద్ది, అది అపచారం, కాబట్టి దించేది లేదు. మేకల్ని ఒక్కొక్కదాన్నీ చంకనేసుకుని పైనించి దింపాల్సొచ్చింది. బండి ఎనక్కి నడపగూడదు, అమ్మని ఎనకనించి నెట్టుకుంటా పోతామా? ఒకామె యలమందని నిలదీసింది, అమ్మవారికి వీపు పెట్టి కూచుని నడుపుతున్నావు నీకు కళ్ళు పోవా అని. మరి ఎనక్కి తిరిగి నడపమంటదా, అదీ చెప్పలా. సంతలో అయితే ఆడోళ్ళు వచ్చి తలుపుకి గాజులు కట్టటం, వేపమండలు గుచ్చటం, ఆ గుంపులో ఈయన సరుకు దించుకోలేక చస్తన్నాడు. మేకలోళ్ళు రావటం మానేశారు. నా కాయలకి బల్ల పోయింది, నేల మీద గోతం పరుచుకున్నా. ఒసేయ్ రాఘవమ్మా, నవ్వింది చాల్లే, తొడిమలు తియ్యి, ఆ మిరపకాయలు అట్టాగే ఉన్నాయి.

యలమంద మళ్ళీ అంకయ్య కాళ్ళ మీద పడ్డాడు. అమ్మని పంపించెయ్ మామా అని. అంకయ్య ఏం చెప్పాడంటే, పంపించటానికి పద్ధతుంది, డప్పులు కొట్టి ఊరేగించి పొలిమేరలో దించి, తిరిగి చూడకుండా రావాలి, అమ్మ ఎందులో ఉంటే దాన్ని అక్కడే వదిలెయ్యాలి. మట్టిబొమ్మని వదిలేస్తాం గదా, అట్టాగ. అంటే తలుపు పొలిమేరలో వదలాలి. దొంగోడు ఎత్తుకుపోకుండా చేసుకున్న ఏర్పాటుకి, తనే మోసుకెళ్ళి ఎండకీ వానకీ పారేసి రావాలన్నమాట. ఎటు తిరిగినా నాయన తలుపు పోద్ది. వద్దులే మామా, ఉంటే ఉండనీ, అన్నాడు. ఆ వారం నించీ మనిషి చిక్కిపోయాడు.

అట్టా ఉండగా ఒక మంగళారం సంత నించి తిరిగొస్తన్నాం. పొద్దు ఇంకా వాలలా. బండి ముందర యలమంద, పక్కన అంకయ్య, ఎనక తొట్టిలో ఖాళీ గంపలేసుకుని మేం నలుగురు ఆడోళ్ళం. కాలవ కట్ట దగ్గరికి వచ్చేసరికి ఒకడు చేతులూపుకుంటా రోడ్డుకి అడ్డం వచ్చాడు. పేరు ఏడుకొండలంట, దొనకంపాడు సంతలో మూటలు మోస్తాడు, నేనూ ఒకట్రెండు సార్లు చూసిన మొహమే. కాలవ అవతల మిరప చేలో పెళ్ళానికి నొప్పులొచ్చినయ్ అన్నాడు. తొలిచూలు. కాయ కోస్తా కోస్తా కూలబడిందంట, లేచి నడవలేదు. బండి కాలవ దాటదు, చేతుల మీద ఎత్తితే కేకలేస్తంది, దగ్గర్లో మంచం లేదు, ఇల్లు లేదు. మేం ఇంకా ఏం చెయ్యాలా అని మొహాలు చూసుకుంటన్నాం. వాడు గబగబా బండి ఎనక్కొచ్చి, తలుపు చూసి ఒక్క క్షణం ఆగి, చేతులు జోడించి, ‘అమ్మా, తప్పు కాయి’ అన్నాడు. అని మోకాలు తలుపు కింద పెట్టి కాస్త పైకెత్తి, ఏలితో ఈ శీల లాగాడు, ఆ శీల లాగాడు. ఊడొచ్చింది. అరగంట సుత్తేసి కొడితే గానీ కదలని శీలలే, ఆకులో సున్నం రాసినంత సేపు పట్టలా వాడికి.

సంతలో తలుపులు పీకేది వీడేనని అందరికీ తెలిసిపొయింది గదా. యలమందకి ఇంకా ముందు తెలిసింది. వాడూ చూశాడు మేం చూడటం. తలుపు చంకలో పెట్టుకుని అట్టాగే నిలబడ్డాడు, పారిపోవాలా, పెళ్ళాం దగ్గరికి పోవాలా తెలవనట్టు. అప్పుడు ఒక పాపిష్టి మాట వచ్చింది: అమ్మవారి మీద పురుటి మనిషిని పండుకోబెడతారా, మైల కాదా, ఊరికి అరిష్టం కాదా, అని. ఆ మాటన్నది ఇంకెవరో అని చెప్పొచ్చు మీకు, ఎవరూ మిగల్లా కాదనటానికి. నేనే అన్నా. ఇదిగో ఈ నోటితోనే. యలమంద నా వంక చూళ్ళా, అంకయ్య వంక చూడలా. బండి దిగి, పోయి, ఆ తలుపు రెండో పక్క పట్టుకున్నాడు. ‘పదరా’ అన్నాడు. అంతే. దొంగోడు ఒక పక్క, సొత్తు గలోడు ఒక పక్క, మోకాల్లోతు నీళ్ళలో కాలవ దాటారు.

మేమూ ఎనకమాలే పరిగెత్తాం. ఆ పిల్ల పేరు తిరపతమ్మ, పందొమ్మిదేళ్ళుంటాయేమో, నా చెయ్యి పట్టుకుంటే ఎముకలు విరిగినయ్ అనుకున్నా. ఆ తలుపు మీద పడుకోబెట్టి మోసుకొస్తంటే, తిరిగి కాలవ దాటి ఇవతలి గట్టెక్కేసరికి ఇంక ఆగలా. అక్కడే దించి, చీరలడ్డం కట్టాం. వీరాచారి చేసిన చెక్క మీద పడింది ఆడపిల్ల. ఏడ్చింది. మేమందరం కూడా ఏడ్చాం, ఎందుకంటే ఏం చెప్పను. తర్వాత తల్లినీ పిల్లనీ ఎత్తి బండిలో గోతాల మీద పడుకోబెట్టి తలుపు చూస్తే, పసుపు లేదు, నాలిక లేదు, కళ్ళు లేవు, నెత్తురూ ఉమ్మనీరూ కలిసి అంతా చెరిగిపోయింది. అంకయ్య ఒంగి చూసి తాపీగా, ‘పురుటి మైలలో అమ్మ ఉండదు, ఎళ్ళిపొయింది’ అన్నాడు. డప్పుల్లేవు, పొలిమేర లేదు, అమ్మ తన దోవన తను పోయింది. తలుపు తలుపైంది. కాలవ నీళ్ళతో నేనే కడిగా దాన్ని, నేనన్న మాటకి అదన్నా చేద్దామని.

ఇంక పోలీసులకి పట్టిస్తాడేమో అనుకున్నాం. లేదు. దొనకంపాడు ఆసుపత్రిలో దించినాక, తలుపు తిరిగి బిగించాలి గదా, యలమంద సుత్తి తీశాడు. ఏడుకొండలు దగ్గరికొచ్చి, తలొంచుకుని, సుత్తి ఒద్దన్నా అన్నాడు. కొట్టే శీల కాదన్నా ఇది. ఎడ్లబండికి చక్రం తియ్యాలంటే ఇరుసుని భుజంతో ఎత్తి బరువు తప్పిస్తాం గదా, అప్పుడు కడశీల దానంతటదే వస్తది. మీ నాయన దీనికీ అట్టాగే పెట్టాడు. మోకాలుతో బరువు తప్పించు, ఏలితో తోసెయ్, చిన్నపిల్లోడైనా తీస్తాడు. నేను ఎన్నో తలుపులు తీశా గానీ ఇంత పనోడి చెయ్యి చూళ్ళా, అందుకే ఆరోజు సగం తీసి, చూస్తా ఉండిపోయా, ఇంతలో మీరొచ్చారు. ఇట్టా చెప్పాడు. యలమంద మోకాలు ఆనించాడు, శీల తోశాడు. దిగింది. మళ్ళీ తీశాడు, వచ్చింది. మళ్ళీ పెట్టాడు. నాలుగైదు సార్లు అట్టా తీస్తా పెడతా ఉన్నాడు ఆసుపత్రి ముందర, కళ్ళెంబట నీళ్ళు కారతానే ఉన్నయ్, తుడుచుకోలా. నాయన చెప్పకుండా పోయిన పని ఆయనకి ఒక దొంగోడు చెప్పాల్సొచ్చింది.

ఆ తర్వాత ఏడుకొండలు మంగళారం మంగళారం మూటలు మోసి వచ్చి, యలమంద బండి తలుపుకి వీపానించి కూచునేవాడు. యలమంద ఎక్కడికన్నా పొయ్యి రానీ, లేచేవాడు కాదు. నా కాయలకి మళ్ళీ బల్ల దొరికింది, మేకలూ వచ్చినయ్. మరి మిగతా బళ్ళ తలుపులో అంటారా? అయ్యి పోతానే ఉన్నయ్. వాడికీ పెళ్ళాం పిల్ల ఉన్నారు గదమ్మా. ఒక్క తలుపుకే మాటిచ్చాడు, ఆ ఒక్కటీ కాశాడు. రాసుకున్నావా అబ్బాయ్? ఆ ఆఖరి దొంగతనం మాట రాయకపోయినా పర్లేదులే, ఏడుకొండలు మనవరాలికి సంబంధాలు చూస్తన్నారు.