మందు వాసన

సుగటూరులో పట్టుపురుగులు మేపే ఇల్లు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో బొద్దింకల మందు కొట్టే భర్త నెల తర్వాత వచ్చాడు. భార్య అతన్ని గడప బయటే ఆపింది.

“ఆడనే నిలబడు. పురుగులు ఇంగ గూడు కట్టబోతా ఉండాయి. మందు వాసన తగిలితే చచ్చిపోతాయి.”

“బోరు కాడ స్నానం చేసి, కొత్త చొక్కా ఏసుకొనే వచ్చినాను.”

“పోయిన పంటప్పుడూ ఇదే చెప్పినావు. తట్టల్లో ఒక్క పురుగు మిగల్లేదు.”

“నేను నీ మొగుడినా, బొద్దింకనా?”

“బొద్దింకైతే లోపలికి రానిచ్చేదాన్ని.”

“సరే, అర్పితను పిలువు. బిడ్డను చూసి పోతాను.”

“లోపల పురుగులకు ఆకు ఏస్తా ఉండాది. నిన్ను చూస్తే పరిగెత్తుకొచ్చి కరుచుకొంటాది. మళ్ళీ ఆ చేతులతో ఆకు ముట్టనియ్యలేను.”

అతను కిటికీ వైపు చూశాడు.

“అయితే నేను వచ్చినానని పాపకు చెప్పొద్దు.”