ఎండ గడ్డకట్టిన చలికాలం

కొత్త గుడారం లేచింది. చెక్కచట్రం మీద ఉన్ని దుప్పట్లు కప్పి, తాళ్ళు బిగించి, తలుపు దక్షిణానికి తిప్పి నిలబెట్టేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. సాయానికి వచ్చినవాళ్ళంతా లోపల గుండ్రంగా చతికిలబడ్డారు. ఇంటి ఇల్లాలు సొలోంగో పులిసిన గుర్రంపాలు గిన్నెల్లో ముంచి ఒక్కొక్కరికీ రెండు చేతులతో అందిస్తోంది. ఆరోనెల కడుపు. వంగి లేచినప్పుడల్లా నడుం మీద చెయ్యి వేసుకుంటోంది.

"కూర్చోవే తల్లీ, తాగేవాళ్ళకి చేతులున్నాయి, ముంచుకుంటారు," అని ఆమె చేతిలోంచి గరిటె లాక్కుంది సెవ్‌జిద్. పొరుగు గుడారం ఆవిడే. అక్కడే కూర్చున్న దమ్‌దిన్ భార్య.

సొలోంగో మొగుడు తుమెన్ కొత్త కాపురం ఉత్సాహంలో ఉన్నాడు. వేరే ప్రాంతం నుంచి వచ్చినవాడు, ఇక్కడి చలికాలం ఇంకా చూడలేదు. మంచు పడేలోగా కొండ అవతలి లోయకి మందని తోలుకుపోవాలి. అక్కడ దగ్గరి మనిషిని చూడాలన్నా గుర్రమ్మీద సగం రోజు ప్రయాణం.

"లువ్‌సాన్ మామా, రేపు నీ లారీలో నేనూ పట్నం వస్తా," అన్నాడు తుమెన్. "సోలార్ ప్యానెల్ కొనాలి. పెద్దది, తలుపంత ఉంటుంది, చూసి పెట్టుకున్నా."

"మరి బ్యాటరీ?" అంది సొలోంగో.

"రెండూ మంచివి కొనాలంటే మన చేతిలో ఉన్నది చాలదే. ముందు ప్యానెల్ కొందాం. బ్యాటరీ సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు."

సొలోంగో ఏదో అనబోయింది. ఇంతలో దమ్‌దిన్ గొంతు సవరించుకుని టోపీ వెనక్కి నెట్టాడు. సెవ్‌జిద్‌కి అర్థమైపోయింది. ఆ టోపీ వెనక్కి వెళ్ళిందంటే ఇక పొద్దుగుంకేదాకా ముందుకి రాదు.

"సోలారా?" అన్నాడు దమ్‌దిన్. "ఒరే తుమెన్, అడగాల్సినవాణ్ణి పక్కనబెట్టుకుని ఆ లారీవాణ్ణి అడుగుతావేంట్రా? ఈ లోయలో మొట్టమొదట సోలార్ పెట్టినవాణ్ణి నేను. గొప్పకి చెప్పడం లేదు, చిన్న ప్యానెలే, మీ ఆవిడ రొట్టెలు చేసుకునే పీటంత. ఒక బల్బు, ఒక ఫోను. అంతే."

"అంతవరకూ నిజమే," అన్నాడు లువ్‌సాన్, గిన్నె ముందుకి చాపుతూ.

"నువ్వు తాగు, మాట్లాడకు. అయితే ఆ బల్బు ఉందే, అది మామూలు బల్బు కాదురా అబ్బాయ్. వెలిగించిన మొదటి రోజే గొర్రెలన్నీ ఇంకా తెల్లారలేదేంటని పడుకోవడం మానేశాయి. పగలూ మేతే, రాత్రీ మేతే. నెల తిరిగేసరికి ఒక్కొక్కటీ దూడంత అయింది. తోడేళ్ళు వచ్చాయి. వచ్చి, గుట్ట మీద నిలబడి చూశాయి, అయ్యో పగలైపోయింది, పొద్దెక్కి వచ్చామే అని సిగ్గుపడి ఇంటికెళ్ళి పడుకున్నాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పగలే. పాపం ఆ ముసలి తోడేలు ఒకటి, నిద్ర చాలక, మా గుమ్మం ముందే కునికింది. దాని మీద మా ఆవిడే దుప్పటి కప్పింది. కావాలంటే అడుగు."

అందరూ సెవ్‌జిద్ వైపు తిరిగారు. ఆమె ఎండు పెరుగు ముక్కలు పళ్ళెంలో సర్దుకుంటూ, "చిరుగుల దుప్పటే కప్పాను," అంది. గుడారం నవ్వుతో ఊగింది. ముప్పై ఏళ్ళుగా ఆమె చేసే పని అదే. ఆయన తాడు విసిరితే ఆమె కొస పట్టుకుంటుంది.

"చూశావా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? చలికాలం వచ్చింది. అట్లాంటిట్లాంటి చలి కాదు. మాట్లాడితే మాట గాల్లోనే బిగుసుకుపోయేది, ఎవడేమన్నాడో తెలియాలంటే పొయ్యి దగ్గరికి తెచ్చి కాచుకోవాలి. లువ్‌సాన్ నన్ను తిట్టిన తిట్లు వసంతంలో కరిగి వినబడ్డాయి."

"ఇంకా కొన్ని కరగలేదులే," అన్నాడు లువ్‌సాన్.

"ఓ రోజు పొద్దున్నే లేచి చూద్దునుగదా, ప్యానెల్ మీద పడ్డ ఎండ పడ్డట్టే గడ్డకట్టింది! మంచు కాదు, ఎండ. పసుపుపచ్చగా, అరచేతి మందాన, అద్దంలా మెరుస్తోంది. ఇదేం చోద్యమని గొడ్డలి తీసుకుని ఒక్కటిచ్చా. ఠంగుమని ఊడి వచ్చింది. సాయంత్రానికి మళ్ళీ కట్టింది. మళ్ళీ కొట్టా. రోజూ ఇదే పని. పిడకలు పేర్చినట్టు కొట్టం నిండా పేర్చాను, ఎండ గడ్డలు! మబ్బు పట్టిందా, ఓ గడ్డ తెచ్చి పొయ్యిలో వెయ్యడం. వెలుగూ అదే, వెచ్చనా అదే. ఓ గడ్డ చెయ్యి జారి మంచులో పడితే ఏమైంది? చుట్టూ జానెడు గడ్డి మొలిచింది! కింద బొరియల్లో చలికాలమంతా నిద్రపోయే లావుపాటి మార్మోట్లకి వసంతం వచ్చేసిందనుకుని మెలకువ వచ్చింది. బయటికొచ్చి చూస్తే ఎముకలు కొరికే చలి. ఒక్కొక్కటీ వెనక్కాళ్ళ మీద నిలబడి నన్ను తిట్టింది చూడూ, మా అత్తగారు కూడా అలా తిట్టలేదు."

తుమెన్ నవ్వుతూనే ఉన్నాడు, కానీ మోకాళ్ళు ముందుకి జరిపి కూర్చున్నాడు. "పెద్దనాన్నా, నవ్వులాటకి కాదు గానీ, మరి నువ్వు బ్యాటరీ అసలు వాడలేదా?"

"బ్యాటరీనా! పాలు పిండుకుంటూ పాలపొడి కొనుక్కుంటారేంట్రా ఎవరైనా? బ్యాటరీ పట్నంవాళ్ళ బరువు. ప్యానెల్ పెద్దదైతే చాలు, మిగతాది మన చలే చూసుకుంటుంది. విను, ఇంకా ఉంది. ఆ ఏడు గాలి వచ్చింది. అది వచ్చేసరికి నేను ప్యానెల్ పట్టుకుని మంచు తుడుస్తున్నా. గాలి దాని కిందకి దూరి, నన్నూ దాన్నీ కలిపి ఎత్తేసింది! వదిలితే కొత్త ప్యానెల్ పోతుంది, వదలకపోతే నేను పోతాను. వదల్లేదు. నా బెల్టు పట్టుకుని గుర్రం వేలాడింది, గుర్రం తోక పట్టుకుని కుక్క వేలాడింది. మబ్బులు దాటి పైకి వెళ్ళాం. పైన మబ్బేది? నీడేది? ఎండే ఎండ! ప్యానెల్ తాగింది, తాగింది, ఉబ్బి పరుపంత అయింది. దిగేటప్పుడు పట్నం మీదుగా దిగితే వైరు కొస కరెంటు స్తంభానికి తగిలింది. అంతే, ఊరు ఊరంతా భగ్గుమని వెలిగింది. ఆ ఏడు పట్నంలో ఎవరూ బిల్లు కట్టలేదు. పెద్ద ఆఫీసరుగారు టోపీ చేత్తో పట్టుకుని మా గుడారానికొచ్చి, 'అయ్యా దమ్‌దిన్‌గారూ, కాస్త తగ్గించి వాడుకోండి, మీరు లాగేస్తుంటే సూర్యుడు ఆలస్యంగా లేస్తున్నాడు, బడి గంట ఎప్పుడు కొట్టాలో తెలియడం లేదు' అన్నాడు. పాపమనిపించి, రెండు గడ్డలు వెనక్కి విసిరేశాను, పైకి."

ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. తుమెన్ మాత్రం పెళ్ళాం వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "కోతలు కోతల్లే. కానీ బ్యాటరీ లేకుండా చలికాలం గడిపేశారట చూశావా? పెద్ద ప్యానెల్ ఒక్కటే తెస్తా."

సొలోంగో పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

సెవ్‌జిద్ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. ఈ ఎండ గడ్డల కథ ఎక్కడ పుట్టిందో ఆమెకి తెలుసు. ఆస్పత్రిలో పుట్టింది. నర్సు ఆయన పాదానికి కట్టు విప్పుతుంటే, చలికి నల్లబడ్డ కాలివేళ్ళు చూసి ఆమె ఏడుస్తుంటే, ఆమెని నవ్వించడానికి మంచం మీద నుంచే మొదలుపెట్టాడు ఆయన. మార్మోట్ల తిట్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె నిజంగానే నవ్వింది. అది వాళ్ళిద్దరి కథ. తర్వాత్తర్వాత లోయ అంతటిదీ అయింది. ఇక్కడున్న పెద్దవాళ్ళందరికీ అసలు సంగతి తెలుసు, ఆయన తుఫానులో ఎలా దొరికాడో లువ్‌సాన్ కళ్ళారా చూశాడు. ఎవ్వరూ ఎప్పుడూ పెదవి విప్పలేదు. ఇప్పుడు తను విప్పితే నలుగురిలో మొగుడి గాలి తీసినట్టు. విప్పకపోతే? కొండ అవతల, మంచులో, నిండు చూలాలు, చీకట్లో.

"తుమెన్," అంది. "బ్యాటరీ కొను."

నవ్వులు ఇంకా ఆగలేదు. ఇది కూడా వేళాకోళమే అనుకున్నారు.

"గడ్డకట్టింది ఎండ కాదు నాయనా, మా బ్యాటరీ. గుడారం బయట పెట్టాం. నాలుగు రోజులు మబ్బు పట్టింది, ఛార్జంతా లాగేశాం, ఖాళీగా ఉన్నదానికి చలి తగిలి బిగుసుకుపోయి పగిలింది. బల్బు పోతే పోయింది, దీపం పెట్టుకున్నాం. కానీ ఫోన్ చచ్చిపోయింది. తుఫాను వస్తోంది, మందని దాచుకోండి అని అందరి ఫోన్లకీ కబురొచ్చింది. మాకు రాలేదు."

గుడారంలో నవ్వులు ఆగిపోయాయి. సెవ్‌జిద్ మొగుడి వైపు చూడకుండా, సొలోంగోకే చెప్పింది మిగతాది.

"గాలి మొదలయ్యాక గొర్రెలు దానికి వీపు తిప్పి నడుస్తూ పోయాయి. ఆపితే ఆగవు. ఈయన వాటి వెనకే పోయాడు. నేను గుమ్మం పట్టుకుని అరుస్తూనే ఉన్నా, గాలికి నా అరుపు నాకే వినబడలేదు. తుఫాను తగ్గాక సరస్సు దగ్గర కనబడ్డాడు. మిగిలిన నాలుగు గొర్రెల మధ్య, వాటిని కావలించుకుని. లువ్‌సానే భుజాన వేసుకుని తెచ్చాడు."

లువ్‌సాన్ గిన్నె లోపలికి చూస్తూ తల ఊపాడు.

దమ్‌దిన్ టోపీ ముందుకి లాక్కున్నాడు. లేచి, కొద్దిగా కుంటుతూ, తలుపు దగ్గర వంగి బయటికి వెళ్ళిపోయాడు.

సెవ్‌జిద్ పళ్ళెం పక్కన పెట్టింది. ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. బయటికి వచ్చి చూస్తే, ఆయన కొత్త గుడారం పక్కన నేలలో కర్ర పాతుతున్నాడు. పక్కన తుమెన్ నిలబడి ఉన్నాడు.

"చలికాలం సూర్యుడు పైకి రాడు, అక్కడే నేల మీద పాకుతాడు. అందుకని ప్యానెల్ని పడుకోబెట్టకూడదు, ఇదిగో ఇంత నిటారుగా నిలబెట్టాలి, మొహం దక్షిణానికి. అలా అయితే మంచు కూడా జారిపోతుంది. ముందు ఏమేం వెలిగించాలో అనుకో. రెండు బల్బులు, ఫోను, చిన్న టీవీ. దానికి తలుపంత ప్యానెల్ ఎందుకు? సగంది చాలు. మిగిలినదాంతో మంచి బ్యాటరీ. మధ్యలో బ్యాటరీని కాపాడే కంట్రోలర్ డబ్బా ఒకటి ఉంటుంది, అది లేకుండా అమ్మేవాడి దగ్గర కొనకు. బ్యాటరీని గుడారం లోపలే పెట్టు, పొయ్యికి మరీ దగ్గర కాకుండా. సగానికి దిగగానే టీవీ కట్టెయ్యి. మబ్బు రోజుల్లో ఫోనుకి తప్ప దేనికీ ఇవ్వకు."

ఆ గొంతులో ఒక్క మెరుపు లేదు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన అంత పొడిగా మాట్లాడటం సెవ్‌జిద్ వినలేదు. తను చేసింది తప్పు కాదని తెలుసు. అయినా ఏదో పగలగొట్టినట్టు అనిపించింది. దగ్గరికి వెళ్ళి, "కోపమా?" అంది.

ఆయన కర్ర చుట్టూ మట్టి కాలితో తొక్కి గట్టిచేశాడు. "లువ్‌సాన్ కంటే నువ్వు బాగా చెప్పావు," అన్నాడు. "వాడైతే నేను ఏడుస్తున్నానని కూడా చెప్పేవాడు."

"ఏడ్చావా?"

"గొర్రెలు ఏడిస్తే తోడు ఏడ్చాను. మర్యాదకి."

మర్నాడు లారీలో తుమెన్ పక్కన దమ్‌దిన్ కూడా ఎక్కి కూర్చున్నాడు. దుకాణంవాడితో సాయంత్రందాకా వాదించి, బ్యాటరీని పసిబిడ్డలా దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

చలికాలం ఈసారీ గట్టిగానే వచ్చింది. కొత్త సంవత్సరపు తెల్లనెల పండగకి ముందు ఓ మధ్యాహ్నం, అందరి ఫోన్లకీ తుఫాను కబురొచ్చింది. సెవ్‌జిద్ ఆ కబురు చూసిన దగ్గరనుంచీ కొండ వైపే చూస్తూ గడిపింది. రెండు రోజులు తెల్లటి గాలి తప్ప ఏమీ కనబడలేదు.

గాలి తగ్గాక దమ్‌దిన్ గుడారంలో పొరుగువాళ్ళు టీకి చేరారు. అందరూ ఎవరి మంద సంగతి వాళ్ళు చెప్పుకుంటుండగా ఫోన్ మోగింది. దమ్‌దిన్ చెవికి పెట్టుకుని, "తుమెన్!" అని కేకపెట్టాడు. అందరూ దగ్గరికి జరిగారు. ఆయన కాసేపు విన్నాడు, కళ్ళు చెమర్చాయి, ఏదో నొక్కి ఫోన్ని ఒళ్ళోకి దించాడు.

"కబురు చూడగానే సొలోంగోని బండిలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడట. గాలి మొదలయ్యేసరికి లోపల ఉన్నారు. సాయంగా వచ్చి ఉంటున్న తమ్ముడు మందని దొడ్లో కట్టేశాడట. ఆడపిల్ల! ఇద్దరూ క్షేమం!"

సెవ్‌జిద్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. లువ్‌సాన్ ఆమె భుజం తట్టాడు.

"పిల్ల ఎలా ఉందిట?" అని ఎవరో అడిగారు.

దమ్‌దిన్ టోపీ వెనక్కి నెట్టాడు. "పిల్లా అది! పది కిలోలట! పుట్టగానే లేచి కూర్చుని, డాక్టరు చేతిలో కత్తెర లాక్కుని, బొడ్డు తనే కోసుకుందట. నర్సులు ముగ్గురు మోస్తే గానీ..."

"పెద్దనాన్నా," అంది ఒళ్ళో ఉన్న ఫోను, గట్టిగా, అందరికీ వినబడేలా. "నువ్వు స్పీకర్ నొక్కావు, నేనింకా లైన్లోనే ఉన్నా. మూడు కిలోలు."