సరిహద్దు సర్టిఫికెట్

మడకశిర దిక్కు నుంచి వచ్చిన గొర్రెల గంగప్ప, అతని కూతురు చంద్రిక, కర్ణాటక వైపు తాలూకా ఆఫీసు మెట్ల మీద కూలబడ్డారు. పొద్దున్నుంచి వాళ్లు మూడు కిటికీలు తిరిగారు.

"మళ్లీ చెప్పు పాపా, ఏమన్నాడు ఆయప్ప?"

"రెండుసార్లు చెప్పినాను కదా నాయనా."

"అది ఆఫీసు కన్నడం. నాకు సగమే ఎక్కింది."

"నాకు ఎస్టీ సర్టిఫికెట్ రాదన్నాడు. అంతే."

"ఏంటికి రాదు? మన బోయోళ్లు ఈడ ఎస్టీనే కదా? మీ దాసప్ప మామ ఎస్టీనే కదా?"

"ఈడ ఎస్టీ. ఆంధ్రాలో బీసీ. మామ ఈడోడు, నువ్వు ఆడోడివి."

"మధ్యలో అడ్డం ఏముండాది? రోడ్డు పక్కన ఒక రాయి. మన గొర్రెలు దినామూ ఆ రాయి దాటి మేసి వస్తాండాయి."

"వాటినెవరూ సర్టిఫికెట్ అడగరు నాయనా."

"నవ్వొద్దు పాపా."

"నవ్వలేదు."

"దాసప్ప కొడుకు శశికి వచ్చె కదా మరి. ఇద్దరూ ఒకటే పరీక్ష రాస్తిరి. నీ నోట్సు చదివే రాసినాడు వాడు. నీకంటే మార్కులు తక్కువ. వానికి పశువుల డాక్టరు సీటు వచ్చె, నీకు రాకపాయె."

"శశిని ఏమీ అనొద్దు. వాళ్ల తాతకు బడి గడప తొక్కే రాత లేకపాయె. ఆ సీటు వాళ్లకు ఊరికే రాలేదు."

"నేనేమంటి ఇప్పుడు? వాని ఇంటికి కోడలివైతే నీకూ వస్తాదని కదా... మీ యమ్మ వద్దు వద్దు అంటాన్నా..."

"చెప్పు. సగంలో ఆపతావేంటికి?"

"మేనరికమే కదా, ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు. మూడు ముళ్లు పడితే ఆ ఇంటి కాగితమే నీకూ ఇస్తారనుకుంటి. రెండో విడతకన్నా సీటు పడతాదనుకుంటి. వారం కాలేదు, నీ తాళికి పసుపు కూడా ఆరలేదు. ఎవరన్నా ఒక మాట చెప్పకూడదా?"

"నేను చెప్పినాను. ఫారం తెచ్చి చూపించినాను. తండ్రిది ఏ ఊరు అని అడుగుతారు, మొగునిది కాదు అంటి. నువ్వు లగ్గం పెట్టుకొని వస్తివి."

"నాకు చదువు రాదు కదమ్మా."

"తెలుసు."

"తప్పు చేస్తి పాపా."

"నీళ్లు తాగు. నాకు ఇంక మాట్లాడే ఓపిక లేదు."

"ఇంకొక ఏడాది చదువు. మన పక్క నుంచే, బీసీలోనే రాయి. ఐదు మార్కులే కదా తగ్గినాయి. నేను చదివిస్తా."

"శశి సోమవారం కాలేజీకి పోతాడు. గొర్రెల ఎనకాల ఎవరో ఒకరు పోవల్ల గదా అని అత్త నిన్ననే అనె."

"నేను మాట్లాడతా దాసప్పతో. కాళ్లు పట్టుకుంటా. లే పాపా, అదిగో మడకశిర బస్సు. ఇంటికి పోదాం పా."

"నువ్వు ఎక్కు నాయనా. నా బస్సు రోడ్డుకు ఆ పక్క నిలబడతాది."